బ్యాటరీని కండెమ్ చేసే ముందు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం చిన్నది. మన పాత కార్లలో బ్యాటరీ మాటిమాటికీ ఎందుకు దిగిపోతుంది, చార్జింగ్ సరిగా అవుతున్నదో లేదో మనంతట మనం ఎలా తెలుసుకోవచ్చు అన్నది. విషయం చిన్నదే అయినా, అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడు తాళం తిప్పితే బండి "టక్" మని ఊరుకుంటే అది చిన్న విషయం కాదు. అలాగే రెండేళ్ళకు రెండు కొత్త బ్యాటరీలు కొనడం పెన్షన్ మీద బతికేవారికి చిన్న ఖర్చూ కాదు.

నేను మెకానిక్‌ను కాను, గుమాస్తాను. ఉద్యోగకాలంలో చాలా ఏళ్ళు ఆఫీసు జీపుల లాగ్‌బుక్కులు, రిపేరు బిల్లులు చూసే సీటులో పనిచేశాను. ఆ సీటు నాకు నేర్పిన సూత్రం ఒక్కటే. ఏ వస్తువునైనా కండెమ్ చేయాలంటే, ఎందుకు పనికిరాకుండా పోయిందో కాగితం మీద ఉండాలి. కారణం రాయకుండా "పాడైంది, కొత్తది కావాలి" అని వచ్చిన ఫైలును వెనక్కి పంపేవాళ్ళం. ఇవాళ మన ఇంటి బండి విషయంలో కూడా ఆ పద్ధతే పాటించాలని మనవి చేస్తున్నాను.

మనతో పాటు బండి కూడా రిటైరయింది

మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో యజమాని చేతికి వచ్చింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అదే సంవత్సరం మే నెలలో అంబాసిడర్ తయారీ కూడా ఆగింది. అంటే మనలో ఎవరి దగ్గర ఈ బండ్లు ఉన్నా, ఎంత చిన్నదైనా పదేళ్ళు దాటిన బండే. వయసు పైబడిన బండిలో వైర్ల జాయింట్లు వదులవుతాయి, ఎర్తు పట్టీలు తుప్పు పడతాయి. దానికి తోడు మధ్యలో పిల్లలు ముచ్చటపడి పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, రిమోట్ లాక్, వెనక కెమెరా లాంటివి వచ్చి చేరతాయి.

ఇంకో సంగతి ఉంది. చాలామంది "సర్వీసులో ఉన్నంతకాలం ఈ బండి ఒక్కరోజు కూడా మొరాయించలేదండీ, రిటైరయ్యాకే ఈ పీడ పట్టుకుంది" అంటారు. అందులో విచిత్రమేమీ లేదు. రోజూ ఆఫీసుకు వెళ్ళివచ్చే రోజుల్లో రాత్రి ఎంత కరెంటు కారిపోయినా మర్నాటి ప్రయాణంలో మళ్ళీ జమ అయిపోయేది. కనుక కారుతున్న సంగతే మనకు తెలిసేది కాదు. ఇప్పుడు బండి వారానికి ఒకసారి గుడికో, బ్యాంకుకో వెళ్తుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళితే ఆరు నెలలు కవరు కప్పుకుని పడుకుంటుంది. ఎన్నాళ్ళుగానో ఉన్న లోపమే ఇప్పుడు బయటపడుతుంది. లోపం కొత్తది కాదు, తీరిక కొత్తది.

జమాఖర్చుల లెక్క

ఈ సభలో నగదు పుస్తకం రాయనివారు తక్కువ. కనుక ఆ భాషలోనే చెబుతాను. బ్యాటరీ అంటే నిల్వ. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ వేసేది జమ. సెల్ఫ్, లైట్లు, హారను, ఫ్యాను వాడుకునేది ఖర్చు. బండి ఆపి తాళం తీసి ఇంట్లోకి వచ్చేశాక కూడా ఎక్కడో కారిపోయేది లెక్కలో చూపని ఖర్చు. నిల్వ తగ్గిందంటే మూడే కారణాలు. నిల్వ ఉంచే పెట్టె పాడై ఉండాలి, లేదా జమ పడకుండా ఉండాలి, లేదా లెక్కలో లేని ఖర్చు ఉండాలి. ఈ మూడూ చూడకుండా పెట్టె మార్చేస్తే కొత్త పెట్టె కూడా ఖాళీ అవుతుంది.

షాపువారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మనం తీసుకెళ్ళేసరికి బ్యాటరీ చాలాసార్లు నిజంగానే చచ్చి ఉంటుంది. అయితే చచ్చింది బ్యాటరీయే గాని, చంపింది వేరొకటి కావచ్చు. లోపల జరిగేది ఇది. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు. సీసపు పలకలు, గంధకామ్లం కలిసి పనిచేసే ఈ ఏర్పాటును ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడు. మూలసూత్రం నేటికీ అదే. కరెంటు వాడినకొద్దీ పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, చార్జింగ్ ఎక్కితే కరిగిపోతుంది. బ్యాటరీని దిగిపోయిన స్థితిలోనే వారాల తరబడి వదిలేస్తే ఆ పేరుకున్నది గట్టిపడి, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా కరగదు. అలా రెండు మూడుసార్లు జరిగితే మంచి బ్యాటరీకి కూడా ఆయువు తీరిపోతుంది. దీనికి మన ఎండలు తోడవుతాయి. వేడి పెరిగినకొద్దీ బ్యాటరీ లోపలి అరుగుదల వేగం పెరుగుతుంది. మన ప్రాంతాల్లో మూడు నాలుగేళ్ళు పనిచేసిన బ్యాటరీ తన ధర్మం నిర్వర్తించినట్టే. ఏడాదికే పోయిందంటే మాత్రం సంజాయిషీ అడగాలి.

మీటరు లేకుండా చూడవలసినవి

మొదట బానెట్ ఎత్తి కళ్ళతో చూడండి. టెర్మినళ్ళ మీద తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే కరెంటు అక్కడే ఆగిపోతుంది. బ్యాటరీలో నిల్వ ఉన్నా సెల్ఫ్‌కు అందదు, ఆల్టర్నేటర్ వేసినా నిల్వకు చేరదు. ముందు మైనస్ క్లాంపు, తర్వాత ప్లస్ క్లాంపు తీసి, వేడినీళ్ళలో కాస్త వంటసోడా కలిపి కడగండి. ఆ నీళ్ళు సెల్లుల మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఆరాక గట్టుకాగితంతో రుద్ది, ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి, పైన వాజలిన్ రాయండి. క్లాంపును చేత్తో కదిపితే కదలకూడదు.

రెండోది నీళ్ళు. మూతలు తీయగలిగిన బ్యాటరీ అయితే పలకలు మునిగి ఉండాలి. తగ్గితే గుర్తు దాకా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్ళు వద్దు, ఆసిడ్ అసలే వద్దు.

మూడోది బెల్టు. ఇంజను ఆపి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కండి. సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోవడం మామూలు. అంతకంటే బాగా లోపలికి పోతే, లేదా స్టార్టు చేయగానే కీచుమని అరుస్తుంటే, ఆల్టర్నేటర్ పూర్తిగా తిరగడం లేదన్నమాట. బెల్టు బిగిస్తే నయమయ్యే జబ్బుకు చాలామంది బ్యాటరీ కొన్నారు.

నాలుగోది డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర దీపం. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. బండి నడుస్తుండగా వెలిగితే జమ పడటం లేదని అర్థం. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకోటి ఉంది. తాళం తిప్పినప్పుడు కూడా ఆ దీపం వెలగకపోతే సంతోషించకూడదు. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్ మేల్కొనడానికి కావలసిన కొద్దిపాటి కరెంటు ఆ దీపం గుండానే వెళుతుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ బాగున్నా పని మొదలుపెట్టకపోవచ్చు. అలాంటప్పుడు ఒక చిన్న బల్బుతో సమస్య తీరిపోతుంది.

మీటరుతో చూడవలసినవి

డిజిటల్ మల్టీమీటర్ ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బ్యాటరీకి వేలల్లో అవుతుంది. ఇంటికొకటి అక్కర్లేదు, కాలనీకి ఒకటి ఉన్నా చాలు. నాబ్‌ను డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర కొసను ప్లస్ టెర్మినల్ మీద, నల్ల కొసను మైనస్ మీద ఆనించాలి. మూడు సందర్భాల్లో మూడు అంకెలు రాసుకోవాలి.

మొదటి అంకె నిల్వ. రాత్రంతా ఆగి ఉన్న బండికి ఉదయం, తలుపు కూడా తీయకముందు చూడగలిగితే మంచిది. అప్పుడే తిరిగి వచ్చిన బండికి చూస్తే పైపై చార్జి వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది. 12.6 గాని, ఆపైన గాని ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 ఉంటే ముప్పాతిక, 12.2 ఉంటే సగం, 12.0 ఉంటే పాతిక. 11.8కి దిగితే ఖాళీ అయినట్టే. 12 వోల్టులు చూపిస్తే "పన్నెండు వోల్టుల బ్యాటరీయే కదా, సరిపోయింది" అనుకోకూడదు. అది దాదాపు ఖాళీ అయిన బ్యాటరీ.

రెండో అంకె సెల్ఫ్ కొట్టేటప్పుడు. ఒకరు తాళం తిప్పుతుంటే మరొకరు మీటరు చూడాలి. నిండుగా ఉన్న బ్యాటరీ సెల్ఫ్ లాగేటప్పుడు 10 వోల్టులకు అటూ ఇటూగా నిలుస్తుంది. 12.6 చూపించిన బ్యాటరీయే సెల్ఫ్ కొట్టగానే 9.6 కంటే దిగువకు జారిపోతే బ్యాటరీలో బలం లేదు, లేదా సెల్ఫ్ మోటారే విపరీతంగా లాగుతోంది. ఒకవేళ బ్యాటరీ దగ్గర 11, 12 చూపిస్తూ సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీని అనుమానించకండి. మధ్యలో వైరో, ఎర్తు పట్టీయో అడ్డుపడుతోంది. అప్పుడు ఒక కొసను బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండో కొసను ఇంజను లోహం మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అక్కడ అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే దోషం ఎర్తులోనే ఉంది. పాత బండ్లలో ఇది మహా మామూలు.

మూడో అంకె జమ. ఇంజను స్టార్టు చేసి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టి, బ్యాటరీ దగ్గర చూడండి. ఆల్టర్నేటర్ బాగుంటే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటుంది. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినా 13.5 దరిదాపుల్లో నిలబడాలి. 13 దాటకపోతే జమ సరిగా పడటం లేదు. బెల్టు, వైరు, కార్బన్ బ్రష్షులు, రెగ్యులేటర్, ఈ వరుసలో చూపించండి. కార్బన్ బ్రష్షులు అరిగినంత మాత్రాన ఆల్టర్నేటర్ మొత్తం మార్చనక్కర్లేదు. 14.8 దాటి 15 వైపు పోతుంటే అది వేరే జబ్బు. రెగ్యులేటర్ అదుపు తప్పి బ్యాటరీని ఉడకబెడుతోంది. నీళ్ళు తరచు తగ్గిపోవడం, బ్యాటరీ పక్కలు ఉబ్బడం, బల్బులు ఊరికే మాడిపోవడం దాని గుర్తులు.

ఇంకా పాత అంబాసిడర్, ఫియట్ బండ్లలో ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉంటుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో చార్జి చేయదు. అది దాని స్వభావం, లోపం కాదు. ఆ బండ్లకు ఇంజను వేగం పెంచి చూడాలి.

లెక్కలో చూపని ఖర్చు

నిల్వ పెట్టె బాగుంది, జమ పడుతోంది, అయినా నాలుగు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతోంది. అప్పుడు కారుడు వెతకాలి. ముందు లెక్క చూద్దాం. మారుతి 800 వంటి చిన్న బండి బ్యాటరీ సాధారణంగా 35 ఆంపియర్-అవర్లు. అంటే ఒక ఆంపియరు చొప్పున వాడితే, లెక్కకు, ముప్పై అయిదు గంటలు వస్తుంది. బండి లోపల అయిదు వాట్ల చిన్న దీపం వెలుగుతూ ఉండిపోతే అది సుమారు 0.4 ఆంపియరు లాగుతుంది. రోజుకు పది ఆంపియర్-అవర్లు. మూడున్నర రోజుల్లో బ్యాటరీ ఖాళీ. హెడ్‌లైట్లు రెండూ మర్చిపోతే నాలుగు గంటలు కూడా పట్టదు. ఇక గడియారం, రేడియో జ్ఞాపకశక్తి వంటివాటికి తాళం తీసినా కొంత కరెంటు కావాలి. అది 0.05 ఆంపియరు లోపు ఉంటే మామూలే.

కొలిచే పద్ధతి ఇది. తాళం తీసేయండి. అన్నీ ఆపేయండి. ఫ్యూజుల పెట్టె స్టీరింగు కింద ఉంటే తలుపు తెరిచే ఉంచాలి కనుక, లోపలి దీపం బల్బును ముందే తీసి పక్కన పెట్టండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నాబ్‌ను కూడా డి.సి. 10 ఆంపియర్లకు తిప్పండి. బ్యాటరీ మైనస్ క్లాంపు విప్పి, మీటరు ఎర్ర కొసను ఆ క్లాంపుకు, నల్ల కొసను మైనస్ పోస్టుకు పట్టించండి. ఇప్పుడు బండి వాడుకునే కరెంటంతా మీటరు గుండా పోతుంది. ఈ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు. సెల్ఫ్ లాగే కరెంటుకు మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎలక్ట్రానిక్స్ ఎక్కువ ఉన్న బండి అయితే అన్నీ నిద్రలోకి జారుకోవడానికి అరగంట, కొన్నిటికి గంట పడుతుంది. ఓపిక పట్టి తర్వాత అంకె చూడండి.

అంకె ఎక్కువ ఉంటే ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ, మీటరు చూస్తూ, మళ్ళీ అదే చోట పెడుతూ పోండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోయిందో కారుడు ఆ దారిలో ఉంది. అన్నీ తీసినా పడకపోతే ఫ్యూజుల దారిలో లేని ఆల్టర్నేటర్‌నో, సెల్ఫ్‌నో, బయట పెట్టించిన సామాన్లనో అనుమానించాలి. ఆల్టర్నేటర్ లోపలి డయోడు పాడైతే, బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి కారిపోతుంది. అంతవరకూ తెలిశాక పని ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి. మీటరు దాచే ముందు ఎర్ర వైరును తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరవద్దు. ఆంపియర్ల రంధ్రంలో ఉంచి, వోల్టులు చూద్దామని బ్యాటరీకి ఆనిస్తే షార్టు అవుతుంది.

మన సభ్యులొకరి బండి సంగతి చెబుతాను, పేరు అనవసరం. రిటైరైన తర్వాత పద్నాలుగు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చారు. మూడోసారి కూడా అదే మాట చెప్పేసరికి బండి అమ్మేద్దామని నిర్ణయించుకున్నారు. వారి శ్రీమతి గారికి ఆయాసం జబ్బు. బండి లేకపోతే రాత్రిపూట ఎలాగన్నది ఆమె దిగులు. ఇద్దరం ఒక ఉదయం కూర్చుని కొలిచాం. ఇంజను తిరుగుతుంటే 14.2 వోల్టులు, జమ బ్రహ్మాండంగా ఉంది. బండి ఆపి కొలిస్తే 0.20 ఆంపియరు. చిన్న అంకెలా కనబడుతుంది గాని లెక్క కట్టండి. రోజుకు 4.8 ఆంపియర్-అవర్లు, వారం రోజుల్లో ముప్పై అయిదూ హరీ. వారు బండి తీసేది సరిగ్గా ఆదివారం ఆదివారం. ఫ్యూజులు తీస్తూ పోతే మ్యూజిక్ సిస్టమ్ ఫ్యూజు దగ్గర 0.02కు పడిపోయింది. దాన్ని బిగించినప్పుడు, తాళం తిప్పితేనే కరెంటు రావలసిన వైరును, ఎప్పుడూ కరెంటు ఉండే వైరును కలిపి ఒకే చోట చుట్టారు. దాంతో ఆంప్లిఫయరు ఏళ్ళ తరబడి రాత్రింబగళ్ళు మేలుకునే ఉంది. రోజూ ఆఫీసుకు తిరిగినన్నాళ్ళూ తెలియలేదు. ఆ వైరు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌కు పట్టింది అరగంట. 0.02 చొప్పున రోజుకు అర ఆంపియర్-అవర్ కూడా కాదు. నెల రోజులు ఆపినా సగం కంటే ఎక్కువే మిగులుతుంది. బండి ఇప్పటికీ వారింట్లోనే ఉంది.

సభ్యులు తరచు అడిగేవి

"రోజూ ఉదయం అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే చాలదా?" అని అడుగుతారు. చాలదు. సగం దిగిన 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండాలంటే పదిహేడుకు పైగా జమ కావాలి. నిలబెట్టి అయిదు నిమిషాలు తిప్పితే వచ్చేది అందులో ఏ మూలకూ రాదు. వారానికి ఒకసారైనా అరగంట, ముప్పావుగంట రోడ్డు మీద నడపండి. అప్పటికే బాగా దిగిపోయి ఉంటే బ్యాటరీ షాపులో చార్జింగ్‌కు పెట్టించండి. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి మూడు, మూడున్నర ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా ఎక్కించమని చెప్పండి. తొందరపడి ఎక్కువ కరెంటు పంపితే పలకలు దెబ్బతింటాయి.

"ఊరు వెళ్ళేటప్పుడు మైనస్ తీసేస్తే?" మంచిదే. బాగా చార్జి చేసి తీసేయండి. అయితే బ్యాటరీ తనంతట తాను కూడా నెలనెలా కొంత తగ్గుతుంది, ఎండాకాలంలో మరికాస్త ఎక్కువ. ఆరు నెలలు వెళ్ళేవారు మధ్యలో ఒకటి రెండుసార్లు చార్జింగ్‌కు పెట్టే ఏర్పాటు చేసి వెళ్ళాలి.

"అద్దం మీది ఫాస్టాగ్ బ్యాటరీని తింటుందా?" తినదు. దానికి బండి బ్యాటరీతో సంబంధమే లేదు. టోల్‌గేటు దగ్గర ఉన్న యంత్రం పంపే తరంగాల శక్తితోనే అది పనిచేస్తుంది. రాత్రింబగళ్ళు రికార్డు చేసే కెమెరా మాత్రం తింటుంది.

"ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు తీసి చూస్తే ఆల్టర్నేటర్ సంగతి తెలుస్తుంది కదా?" ఇది డైనమోల కాలం నాటి అలవాటు. ఆల్టర్నేటర్ బండ్లలో అలా తీస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు, కంప్యూటరు భాగాలు మాడిపోవచ్చు. ఎవరైనా మీ బండికి అలా చేయబోతే మర్యాదగా వద్దనండి.

"నెట్టి స్టార్టు చేస్తే?" కార్బురేటర్ బండి, గేర్ల బండి అయితే సెకండ్ గేరులో అందుకోవచ్చు. ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు, కంప్యూటరు పనిచేయడానికే బ్యాటరీలో కొంత ఉండాలి. పూర్తిగా ఖాళీ అయితే ఎంత నెట్టినా అందుకోదు. ఇంతకీ డెబ్బై ఏళ్ళ వయసులో మనం బండి నెట్టడమేమిటి? గుండెకు శ్రమ. పక్కింటివారి బండితో జంపర్ వైర్లు వేయించుకోవడం మేలు. ఎర్ర వైరు ముందు మన ప్లస్‌కు, తర్వాత వారి ప్లస్‌కు. నల్ల వైరు వారి మైనస్‌కు, చివరి కొస మన బ్యాటరీకి కాకుండా దానికి దూరంగా ఇంజను లోహానికి తగిలించాలి. ప్రాణాపాయం అనిపించినప్పుడు మాత్రం ఇవేవీ వద్దు, 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టులో ఉమ్మడి రాష్ట్రంలో ఆ సేవ మొదలైంది ఇలాంటి వేళల కోసమే.

జాగ్రత్తలు, కొనుగోలు

చార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర సిగరెట్టు, అగ్గిపుల్ల కూడదు. ఉంగరం, గాజులు, గొలుసుల వాచీ తీసి పక్కన పెట్టండి. స్పానరు రెండు టెర్మినళ్ళకూ ఒకేసారి తగిలితే ఎర్రగా కాలుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. ఆసిడ్ పడితే వెంటనే నీళ్ళు ధారగా పోసి కడగండి, కంట్లో పడితే కడుగుతూనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చిన్న బ్యాటరీ కూడా పది కిలోల దాకా ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవారు ఎత్తవద్దు, కుర్రవాళ్ళను పిలవండి.

పరీక్షలన్నీ అయ్యాక బ్యాటరీయే పోయిందని తేలితే సంతోషంగా మార్చండి. మూతలున్న బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ చూడమనండి. అయిదు సెల్లులు 1.250 పైన ఉండి ఒకటి మాత్రం 0.050 కంటే ఎక్కువ తేడాతో కిందకుంటే ఆ సెల్లు పోయినట్టే. పూర్తిగా చార్జి చేసి రాత్రంతా ఉంచినా 12.4 దాటకపోయినా, సెల్ఫ్ పరీక్షలో జారిపోయినా అది కండెమ్ చేయదగినదే. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. షెల్ఫులో నెలల తరబడి కూర్చున్నది తీసుకోవద్దు. గ్యారంటీ కార్డు మీద అమ్మిన తేదీ, ముద్ర వేయించండి. ఎన్ని నెలల దాకా ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలల తర్వాత కొంత శాతమే తగ్గిస్తారో చదివి సంతకం చేయండి. జీవితమంతా రూల్సు చదివిన మనం ఈ చిన్న కార్డు చదవలేమా? బిగించాక అక్కడే ఇంజను తిరుగుతుండగా వోల్టేజి, ఆపాక కారుడు, రెండూ కొలిచి బిల్లు వెనక రాయమని అడగండి. పాత బ్యాటరీని చెత్తలో పారేయవద్దు, పాత ఇనుముల బండికి వేయవద్దు. అందులో సీసం, ఆసిడ్ ఉంటాయి. 2001లో వచ్చిన బ్యాటరీల నిబంధనల స్థానంలో 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి. పాతవాటిని సేకరించే బాధ్యత తయారీదారుల మీద ఉంది. డీలరుకే ఇచ్చి, దాని విలువ కొత్తదాని ధరలో తగ్గించుకోండి.

చివరగా ఒక్క విన్నపం. కారు అరలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. బ్యాటరీ కొన్న తేదీ, మూడు నెలలకొకసారి ఉదయపు వోల్టేజి, ఇంజను తిరుగుతుండగా వోల్టేజి, ఆగి ఉన్నప్పుడు కారుడు, ఈ నాలుగూ రాయండి. మీ తర్వాత ఆ బండి నడిపే కోడలో, అల్లుడో, మనవడో ఆ పుస్తకం తెరిచి చూస్తే బండి ఆరోగ్యం ఒక్క పేజీలో తెలుస్తుంది. మెకానిక్ కూడా ఆ అంకెలు చూసి మన మాటకు విలువిస్తాడు. మీటరు చూడటం రానివారు ఏ ఆదివారమైనా నన్ను పిలవండి. ఇద్దరు కలిస్తే పని సులువు. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు అంకె చదవాలి.